షెడ్లు ఎందుకు లేచిపోతున్నాయో కూసం మొదలు చూస్తే తెలుస్తుంది

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో మా జిల్లా పేజీలో గాలివాన ఫోటోలు వేసినారు, ఒకపక్క అరటి తోటలు నేలకు ఒరిగినవి, ఇంకోపక్క రేకుల షెడ్లు పడిపోయినవి, పైన ఈదురుగాలుల బీభత్సం అని హెడ్డింగ్. నేను మిగతా వార్తలన్నీ వదిలేసి ఆ షెడ్డు ఫోటోనే ఫోన్లో పెద్దది చేసుకోని చాలాసేపు చూసినాను. రేకులు పక్క చేన్లో బోర్లా పడినాయి, వాటికి అంటుకోనే ఇనప కూసాలు, అంటే కప్పు మోసే స్తంభాలు, కాళ్లు పైకి పెట్టినట్టు ఉన్నాయి, ఒక్క కూసం వంగలేదు, ఒక్కటి విరగలేదు, ప్రతి దాని మొదట్లో బిందె అంత కాంక్రీటు ముద్ద అట్లే కరుచుకోని ఉంది. అంటే షెడ్డు విరగలేదండీ, నేల నుంచి ఊడి వచ్చింది. తడి చేన్లో శనక్కాయ చెట్టు పీకితే కాయలతో సహా ఎట్లొస్తుందో అట్ల వచ్చింది. ఆ ఫోటో కింద ఒక్క లైను రాసింటే బాగుండు, కూసాలు ఎంత లోతు పాతినారు, ఎన్ని అడుగులకు ఒకటి పాతినారు, ఏ సైజు పైపు అని. గాలి ఎంత వచ్చిందో అందరికీ తెలుసు, ఇది మాత్రం ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు కూడా.

ఇంత పట్టుగా ఎందుకు రాస్తున్నానంటే పోయిన సంవత్సరం మే నెలలో నాది కూడా అట్లే లేచిపోయింది. మాది తాడిపత్రి పక్క నల్లరేగడి పల్లె, యాభై జీవాలు, నాలుగు ఎనుములు ఉన్నాయి. పంట డబ్బులు చేతికొచ్చినాయి కదా అని 60 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు షెడ్డు వేయిస్తిమి. వెల్డింగ్ ఆయన వచ్చి టేపు కూడా పట్టలేదు, కాలితో అడుగులు వేసి చూసుకోని, వరసకు ఐదు కూసాలు, రెండు వరసలు పది చాలు, 15 అడుగులకు ఒకటి అన్నాడు. రెండున్నర ఇంచుల చదరం పైపు, 2 ఎంఎం మందం. రెండడుగుల గుంత. ఏం కాదన్నా, ఇట్లాంటివి చుట్టుపక్కల ఎన్నో కట్టినా అన్నాడు, నేనూ తల ఊపినాను, ఎందుకంటే నేను అడిగిన ప్రశ్నలన్నీ రేకు గురించే, ఏ రంగు, ఏ కంపెనీ, ఎన్నేళ్లు గ్యారంటీ అని. కూసం గురించి ఒక్క మాట అడగలేదు.

ఆ రెండడుగుల లోతు యాడ నుంచి వచ్చిందో నాకు తర్వాత అర్థమైంది. అంగట్లో పైపు 6 మీటర్లది వస్తుంది, మనం 20 అడుగులు అంటాం. దాన్ని సగానికి కోస్తే రెండు పదడుగుల ముక్కలు, ముక్క కూడా వేస్టు కాదు. షెడ్డు కనీసం ఎనిమిదడుగుల ఎత్తు ఉండాల కదా, పదిలో ఎనిమిది పోతే రెండు, ఆ రెండడుగులే భూమి లోపల. అంటే మా ఊరి నేల చూసి కాదు, గాలి చూసి కాదు, పైపు ముక్క లెక్క చూసి గుంత లోతు పెట్టినారు. ఈ మాట చదివే ప్రతి రైతు ఒకసారి పోయి తన షెడ్డు కూసాలు చూసుకోండి, చాలావాటిది ఇదే కథ అయి ఉంటుంది.

ఆ రోజు సాయంత్రం నాలుగున్నర ఐదు అయింటుంది, పడమటి నుంచి ఎర్రగా దుమ్ము లేచింది. మా ఇంటామె పాలు తాగే గొర్రె పిల్లలు నాలుగింటిని చేతుల్లోకి ఎత్తుకోని ఇంట్లోకి తెచ్చింది, మళ్లీ పోదామని వాకిలి దాటే లోపలే రేకులు దబదబా కొట్టుకోవడం మొదలైంది, గట్టిగా కొట్టుకోని కొట్టుకోని ఒక్కసారి ఆ చప్పుడు ఆగిపోయింది. ఆగిందే అనుకున్నాం, అప్పటికే కప్పు నేల మీద లేదు. రెండు ఈతకొచ్చిన గొర్రెలు, ఒక పిల్ల కూసాల కింద పడి చచ్చిపోయినాయి. ఆమె ఇంకో నిమిషం ముందు పోయింటే ఏమయ్యేదో ఇప్పుడు కూడా తలుచుకుంటే నాకు చేతులు చల్లబడతాయి.

మా అన్న కూతురు అనంతపురంలో సివిల్ ఇంజనీరింగ్ చదువుతా ఉంది, తెల్లారి చూడ్డానికి వచ్చింది. అందరూ రేకులు ఏరుకుంటా ఉంటే ఆ పాప మాత్రం ఆ కాంక్రీటు ముద్ద ఒకటి దొర్లించి దొర్లించి చూస్తా ఉండింది. ముద్ద పక్కలు నున్నగా ఉన్నాయండీ, అరచేత్తో రాస్తే ఒక్క మట్టి పెళ్ల కూడా అంటుకోని లేదు. చిన్నాయనా, మట్టి దీన్ని పట్టుకోనే లేదు చూడు, ఎండాకాలం రేగడి బీటలిచ్చి దీని చుట్టూ సందు పడింది అనింది. పత్తి తూచే కాటా మీద పెట్టి చూస్తే ముద్ద 70 కేజీలు తూగింది.

తర్వాత ఎరువుల బిల్లు వెనక్కి తిప్పి లెక్క వేసి చూపించింది, ఆ లెక్క నేను ఇక్కడ రాస్తాను, ఎవరికైనా అర్థమవుతుంది. ఒక కూసం కప్పులో ఎంత భాగం మోస్తుందో ముందు చూసుకోవాల. అటు కూసానికి సగం దూరం, ఇటు కూసానికి సగం దూరం, అడ్డం వెడల్పులో సగం. నాది 15 అడుగులకు ఒకటి, వెడల్పు 20లో సగం 10, అంటే ఒక నడిమి కూసం మీద 150 చదరపు అడుగుల కప్పు. ఇప్పుడు గాలి. దేశం మొత్తానికి ఏ ఊర్లో ఎంత గాలికి కట్టాలో ఐఎస్ 875 అనే భారత ప్రమాణాల పుస్తకం మూడో భాగంలో రాసిపెట్టినారంట, కర్నూలుకు సెకనుకు 39 మీటర్లు, బెంగళూరుకు 33, సముద్రం పక్క నెల్లూరుకు 50. 39 మీటర్లంటే గంటకు 140 కిలోమీటర్లు. గాలి వేగాన్ని దాంతోనే గుణించి, మళ్లీ 0.6తో గుణిస్తే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది, దాన్ని 9.81తో భాగిస్తే కేజీలు, 39కి అది చదరపు మీటరుకు 93 కేజీల చిల్లర. నా 150 చదరపు అడుగులు అంటే దాదాపు 14 చదరపు మీటర్లు, ఒక్క కూసాన్ని పైకి గుంజే బలం 1300 కేజీల దగ్గర. దానికి నేను కింద కట్టిన బరువు 70 కేజీలు!

అంత గాలి యాడొస్తుందిలే అంటారు. నేనూ అదే అన్నాను. సగం వేగం అనుకో చిన్నాయనా, గంటకు 70 కిలోమీటర్లు, మనకు మే నెల గాలివానలో వచ్చేదే కదా అనింది. వేగం సగమైతే బలం నాలుగో వంతు అవుతుంది, 300 కేజీల పైన. రేకులు, పైపులు అన్నీ కలిపి ఆ కూసం మీద పడే బరువు నూరు కేజీల చిల్లర, ముద్ద 70, రెండూ కలిపినా 200 దాటదు. ఇంక మట్టి పట్టు ఒక్కటే ఆపాల, ఆ మట్టేమో బీటలిచ్చి కూసాన్ని వదిలేసింది. ఇంజనీర్లు ఇందులో కప్పు వాలును బట్టి, షెడ్డు ఎత్తును బట్టి కొంత అటూ ఇటూ సవరిస్తారంట, మూలల్లో, అంచుల్లో గుంజుడు ఇంకా ఎక్కువ ఉంటుందంట, అయినా లెక్క తీరు ఇదే. మనమంతా కప్పు బరువుకు కూసం కుంగిపోతుందేమో అని చూస్తాం, నాలుగు పక్కలా తెరిచిన షెడ్డుకు వచ్చే ఆపద అది కాదు, గాలి కింద దూరి కప్పును గొడుగు లేపినట్టు లేపుతుంది. సాదా ఇనప పైపు నిలువుగా కప్పు బరువును సులభంగా మోస్తుంది, పైకి లాగితేనే, పక్కకు తోస్తేనే దాని సత్తా తెలిసేది.

అందుకే మళ్లీ కట్టేటప్పుడు దూరం తగ్గించినాను, 10 అడుగులకు ఒకటి, వరసకు ఏడు, మొత్తం 14 కూసాలు. ఒక్కో కూసం మీద 150 పోయి 100 చదరపు అడుగులు అయింది, గుంజుడు 1300 నుంచి 860 దగ్గరకు దిగింది. దూరం తగ్గిస్తే పైన అడ్డం వేసే పైపులకు కూడా మేలు, ఇది చాలామందికి తెలియదు. కూసాల మధ్య దూరం రెట్టింపు అయితే అడ్డపైపు మీద వంచే బలం నాలుగు రెట్లు అవుతుంది, మధ్యలో దిగడం 16 రెట్లు అవుతుంది. 10 అడుగులకు బదులు 12 పెట్టినా దిగడం రెట్టింపు దాకా పోతుంది. నా పాత షెడ్డులో అడ్డపైపులు మొదటి ఏడాదే ఉయ్యాల మాదిరి దిగి వానకు నీళ్లు నిలబడేవి, రేకు స్క్రూలు వదులైనాయి, అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

అట్లని మరీ దగ్గర పెట్టుకున్నా కష్టమే, ట్రాక్టర్ ట్రాలీ లోపలికి రావాల, పెంట ఎత్తాల. పశువుల లెక్క కూడా చూసుకోవాల, ఎనుము నిలబడే చోటు నాలుగడుగుల వెడల్పు, 12 అడుగుల సందులో మూడు కట్టేయొచ్చు, 10లో రెండే సుఖంగా ఉంటాయి. మాకు జీవాలే ఎక్కువ కాబట్టి 10 సరిపోయింది. అన్నీ ఆవులే ఉన్నోళ్లు 12 పెట్టుకోవాలంటే పెట్టుకోండి, కానీ దానికి తగ్గట్టు అడ్డపైపు పెద్దది వేయండి, గుంత పెద్దది తీయండి. సిమెంట్ రేకులు వేసేవాళ్లకు ఇంకో మాట, 6 ఎంఎం సిమెంట్ రేకుకు అడ్డపైపుల మధ్య 1.4 మీటర్లు దాటకూడదు, అంటే నాలుగున్నర అడుగులు. మా పక్క ఆరడుగులకు వేసినోళ్లు ఉన్నారు, రేకు మీద మనిషి కాలు పెడితే పోతాడు.

పైపు సైజు సంగతి. పాత రెండున్నర ఇంచుల 2 ఎంఎం చదరం పైపు కంటే 3 ఇంచుల మీడియం రౌండ్ పైపు పక్క తోపుకు రెట్టింపు పైనే తట్టుకుంటుంది. 3 నుంచి 4 ఇంచులకు పోతే బరువు ఒకటిన్నర రెట్లు కూడా పెరగదు, 3 ఇంచుల మీడియం మీటరు 8 కేజీల చిల్లర, 4 ఇంచులది 12 కేజీల చిల్లర, కానీ వంగకుండా నిలబడే బిగువు రెండున్నర రెట్లకు దగ్గర పోతుంది. పైపు చుట్టుకొలత పెరిగితే వచ్చే లాభం మందం పెంచితే రాదు. నేను అన్నీ 4 ఇంచులవి వేయలేకపోయినాను, డబ్బులు సరిపోలేదు. గాలొచ్చేది పడమటి నుంచి కాబట్టి షెడ్డు పొడుగు తూర్పు పడమరలుగా పెట్టినాను, ఎండ లోపలికి తక్కువ పడుతుంది, గాలికి సన్న పక్క తగులుతుంది. నాలుగు మూలలకు, పడమటి మూలల పక్కనున్న రెండింటికి కలిపి ఆరు కూసాలు 4 ఇంచులవి, మిగిలిన ఎనిమిది 3 ఇంచులవి. కూసానికీ అడ్డపైపుకూ మధ్య ఏటవాలు ముక్క వెల్డింగ్ చేయించినాను, చివరి సందుల్లో కత్తెర మాదిరి రెండు పైపులు అడ్డంగా కట్టించినాను. ఈ ఏటవాలు ముక్కల గొప్పతనం చెప్పాల, చేతికి రెండడుగుల పైపు ముక్కే, కానీ షెడ్డు పక్కకు ఊగేది సగానికి సగం తగ్గినట్టు కంటికే కనపడింది, మేస్త్రీ నిచ్చెన ఎక్కితే ముందు ఊగేది, అవి పడినాక ఊగలేదు.

కూసం ఎత్తు పైన తొమ్మిదడుగులు, లోపల నాలుగు, మొత్తం 13. 20 అడుగుల పైపులో ఏడడుగులు మిగిలిపోతుంది, వెల్డింగ్ ఆయన వేస్టు వేస్టు అని ఒకటే గోల. వేస్టు కాలేదు, ఏటవాలు ముక్కలకు, మేత దొడ్డి కమ్మీలకు అన్నీ వాడేసినాం. పైపులకే అదనంగా 30 వేల పైన పడింది. పోయిన గొర్రెలు, ముక్కలైన రేకులు, రెండోసారి కూలీ లెక్కేస్తే అది నాకు ఎక్కువ అనిపించలేదు.

ఇంక గుంత. పాతకాలంలో మా జేజినాయన కొట్టం వేసేటప్పుడు వేప గుంజ ఎంత పొడుగుంటే అందులో నాలుగో భాగం నేలలోకి పోవాల అనేవాడు, కొట్టం నడుమ నిలబెట్టే పదహారడుగుల నిట్టాడు అయితే నాలుగడుగులు, కొలవకుండా గుంతలో తానే దిగి నిలబడి ఛాతీ దగ్గరికి వస్తే చాలనేవాడు. దాని మీద బోద గడ్డి కప్పు, గాలి దాంట్లోంచి దూరిపోతుంది, ఇప్పటి రేకు మాదిరి పట్టుకోని లేవదు. అట్లాంటి కప్పుకే నాలుగో భాగం పాతినోళ్లు, రేకుకు మనం ఐదో భాగం పాతుతున్నాం.

నేల నేలకు తేడా ఉంది, ఇది మా రాయలసీమ రైతులు చాలా జాగ్రత్తగా చూసుకోవాల్సింది. ధర్మవరం, కళ్యాణదుర్గం పక్క ఎర్రనేల, గరుసు తగులుతుంది, మూడడుగుల నుంచి మూడున్నర దాకా తవ్వి కాంక్రీటు పోస్తే పట్టుకుంటుంది, కింద రాయి తగిలితే ఇంకా మేలు, దాంట్లోకి కడ్డీ దించుకోవచ్చు. తాడిపత్రి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, నంద్యాల పక్క నల్లరేగడి అట్ల కాదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించి చెయ్యి దూరేంత బీటలిస్తుంది. ఉబ్బేటప్పుడు కూసాన్ని పైకి నెడుతుంది, కుంచించుకునేటప్పుడు పట్టు వదిలేస్తుంది, రెండు మూడేళ్లకు కూసం వదులైపోతుంది. అందుకే రేగడిలో పెద్ద పెద్ద కట్టడాలకు రూర్కీలోని సీబీఆర్ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) వాళ్లు అడుగున గడ్డ మాదిరి వెడల్పు చేసిన పైల్స్, అంటే భూమిలోకి దించే కాంక్రీటు స్తంభాలు, వాడకంలోకి తెచ్చినారు, ఆ ఉపాయమే చిన్నగా మనం షెడ్డుకు వాడుకోవచ్చు. నేను గుంత నోరు రెండడుగుల వెడల్పు పెట్టించి, అడుగున గడ్డపారతో పక్కలకు తవ్వించి ఇంకా వెడల్పు చేయించినాను, తలకిందులు చేసిన గంప మాదిరి. అడుగున కడప బండ ముక్క ఒకటి పరిచి దాని మీద కూసం నిలబెట్టినాను, తడిసిన రేగడిలో దిగిపోకుండా. పైపు మొదట్లో 12 ఎంఎం కడ్డీ ముక్కలు రెండు అడ్డంగా, జానెడు ఎడంతో వెల్డింగ్, లేకుంటే కాంక్రీటు ముద్ద నేలలోనే ఉండి నున్నటి పైపు మాత్రం ఊడొస్తుంది, అది కూడా చూసినాను నేను. ఒక్కో గుంతకు 12 ఘనపు అడుగుల పైనే కాంక్రీటు పట్టింది, ఘనపు అడుగు 68 కేజీలు లెక్కన 800 కేజీల పైనే. పైన 860 గుంజితే కింద 800, దాని మీద కప్పు బరువు, వెడల్పు చేసిన అడుగు మీద మట్టి బరువు. ఇప్పుడు ధైర్యంగా పడుకుంటున్నాను.

జేసీబీతో గుంతలు తీయించే వాళ్లకు కూడా చెప్పాల. గంటలో అయిపోతుంది, నిజమే, కానీ బకెట్ వెడల్పుకు మూడడుగుల గుంత పడుతుంది, చుట్టూ మట్టి కదిలిపోతుంది, కూసం నిలబెట్టి అదే మట్టి వదులుగా తోసేస్తారు. కదలని మట్టికున్న పట్టు తోసిన మట్టికి రాదు. తోయక తప్పకపోతే గరుసు తెచ్చి జానెడు జానెడు పోసి నీళ్లు చల్లి దిమ్మిస కొట్టండి. రేగడి మట్టినే తిరిగి పోస్తే ఇంక చెప్పేదేముంది.

కట్టె గుంజలతో వేసుకునే వాళ్లు ఇప్పుడూ చాలామంది ఉన్నారు, తప్పేం లేదు. గుంజ మందం ఎంత ముఖ్యమో చెప్తాను, 4 ఇంచుల గుంజ కంటే 6 ఇంచుల గుంజ మూడు రెట్ల పైన గట్టిది, ఒకటిన్నర రెట్లు కాదు, మందం మూడుసార్లు గుణించుకుంటుంది కాబట్టి. కొనేటప్పుడు తల పక్క కొలిచి మోసపోవద్దు, మొదలు పక్క కొలవండి, మొదలునే నేలలో పెట్టండి, ఎందుకంటే గాలికి ఎక్కువ వంగేది నేల మట్టం దగ్గరే. చెద పట్టేది, కుళ్లేది కూడా సరిగ్గా అక్కడే. చేవ ఉన్న తుమ్మ, వేప అయితే తట్టుకుంటాయి, తెల్లచెక్క ఉన్న నీలగిరి బాదులు మందు పెట్టకుండా పాతితే కొన్నేళ్లకే నేల దగ్గర చెద తినేస్తుంది, పైనంతా బాగున్నట్టే కనపడుతుంది. తొక్క ఒలిచి బాగా ఎండనిచ్చి మొదలుకు తారు పూసి పాతినా కొంత నయం.

రాతి కూసాలు మా సీమకు సొమ్ము. కుళ్లవు, చెద లేదు. కంచెకు, ద్రాక్ష పందిరికి అవి చూసి షెడ్డుకు కూడా పెడుతున్నారు, తక్కువ ఎత్తు కొట్టానికి పర్వాలేదు. కానీ రాయి బరువు మోస్తుంది గానీ వంపు తట్టుకోదు, పక్కకు తోస్తే చెప్పకుండా పుటుక్కున విరుగుతుంది, ఇనుము మాదిరి ముందు వంగి మనకు తెలియజేయదు. పైగా కప్పును రాయికి గట్టిగా బిగించే దారి తక్కువ, తీగతో చుట్టి వదిలేస్తారు. తొమ్మిది పదడుగుల ఎత్తు రేకుల షెడ్డుకు రాతి కూసాలు వద్దు.

ఇనప కూసాలకు తుప్పు సంగతి మరిచిపోయినాను. జీవాల మూత్రం, పెంట తడి పైపు మొదలు పట్టే చోట ఎప్పుడూ ఉంటుంది, 2 ఎంఎం పైపు అక్కడ నాలుగైదేళ్లకు జల్లెడ అవుతుంది. కాంక్రీటు నేల పైకి అడుగు ఎత్తు దాకా తెచ్చి, పైన వాలుగా చేసి, నీళ్లు బయటికి జారేటట్టు దిమ్మె కట్టుకోవాల. తుప్పు పట్టకుండా పూసే రెడ్ ఆక్సైడ్ రంగు కాంక్రీటు పోయకముందే కొట్టాల, పోసినాక కొడితే లోపల సందులోకి పోదు.

ఈ సంవత్సరం అదే మే నెల గాలి వచ్చింది, మా ఊర్లో రెండు షెడ్లు లేచినాయి, నాది ఒక స్క్రూ కూడా కదల్లేదు. గొప్పకు రాయడం లేదండీ. లేచిన రెండింటిలో ఒకటి మా వదిన వాళ్లది, ఆమె డ్వాక్రా లోను తీసి కట్టుకునింది, నేను ముందే పోయి చెప్పలేదే అని బాధ. గాలి మాకు కొత్త కాదు, రామగిరి కొండల మీద అన్ని గాలిమరలు పెట్టింది మాకు గాలి ఎక్కువనే కదా, ఆషాఢంలో మనిషిని తోసేస్తుంది. వచ్చే గాలిని ఆపలేం గానీ గుంత నాలుగడుగులు తవ్వడం మన చేతిలో పని.

మిమ్మల్ని అడిగేది రెండు మాటలు. ఈసారి షెడ్డు పడిన చోటికి మీ విలేకరి పోతే దయచేసి కూసం మొదలు ఫోటో తీయమనండి, టేపు పక్కన పెట్టి. రెండోది, ఉపాధి హామీ కింద గోకులం పేరుతో పశువుల షెడ్లు కట్టించినారు కదా, వాటికి ఇంజనీర్ల డ్రాయింగ్, ఎస్టిమేట్ ఉంటుంది. సొంత డబ్బుతో కట్టుకునే మాలాంటి వాళ్లకు అది చేతికి రాదు, వచ్చినా ఇంగ్లీషులో ఉంటుంది. ఎర్రనేలకు ఒకటి, నల్లరేగడికి ఒకటి, కూసం సైజు, కూసానికి కూసానికి దూరం, గుంత లోతు వెడల్పు, తెలుగులో ఒక్క పేజీ బొమ్మ వేసి ప్రతి రైతు సేవా కేంద్రం గోడకు అంటించమని మీరు అధికారులను అడగండి. గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్లు ఉన్నారు, అనంతపురం జేఎన్టీయూలో సివిల్ చదివే పిల్లలు ఉన్నారు, మా పాప ఎరువుల బిల్లు వెనక అరగంటలో వేసిన లెక్క వాళ్లకు కష్టం కాదు. అది తయారైతే మీ వ్యవసాయం పేజీలో వేయండి, సంక్రాంతి లోపల వేస్తే మేలు, ఎందుకంటే మా పక్క షెడ్లు వేసేదంతా సంక్రాంతి నుంచి ఉగాది మధ్యలోనే, ఆ తర్వాత వేస్తే చదివేనాటికి కాంక్రీటు పోసేసి ఉంటారు.

ఆ 70 కేజీల ముద్ద నేను పారేయలేదు, రొప్పం (జీవాల దొడ్డి) వాకిట్లోనే పెట్టినాను. షెడ్డు వేయాలని ఎవరైనా వచ్చి అడిగితే ముందు దాన్ని చూపించి, తర్వాత కొత్త కూసం దగ్గరికి తీసుకుపోతున్నాను.

ఇట్లు,
మీ పేపర్ రోజూ చదివే ఒక జీవాల రైతు,
తాడిపత్రి మండలం, అనంతపురం జిల్లా.